నెర్రెల సంగతి మోడల్‌కి ఎవరు చెప్తారు

నిన్న రాత్రి ఒంటిగంట దాకా హైడ్రస్ (మట్టిలో నీళ్లు, వాటిలో కరిగినవీ ఎలా కదులుతాయో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) ముందేసుకుని కూర్చున్నా. పనేమో చిన్నదే, గుంటూరు వైపు మా నల్లరేగడి చేలో వేసిన యూరియా నైట్రేట్‌గా మారి వాన నీళ్లతో ఎంత లోతుకి దిగుద్దో చూడాలి. నీటిమట్టానికి పైన మట్టి సందుల్లో కొంత గాలి కొంత తడి ఉంటాయి కదా, అక్కడ నీళ్ల కదలిక లెక్కకి రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త 1931లో ఇచ్చిన సమీకరణమే దిక్కు, కానీ మట్టి ఆరేకొద్దీ నీళ్లు కదిలే వేగం వేల లక్షల రెట్లు పడిపోద్ది, అందుకే ఆ సమీకరణాన్ని సాధించే సాల్వర్ మాటిమాటికీ మొరాయిస్తది.

మట్టి రకం క్లే అని ఎంచుకుంటే నంబర్లు అవే వచ్చేస్తాయి, తడిసిన మట్టిలో నీళ్లు పారే రేటు రోజుకి 4.8 సెంటీమీటర్లు, మట్టి ఆరేకొద్దీ నీళ్లని ఎంత త్వరగా వదులుద్దో చెప్పే వాన్ గెనుక్టెన్ ఎన్ 1.09. ఎన్ 1కి అంత దగ్గరుంటే పూర్తిగా తడిసే చోట నీళ్లు పారే రేటు కర్వ్ ఒక్కసారిగా పడిపోద్ది, ఇంకేం కన్వర్జ్ అవుద్ది, లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకుంటేగా! గంటన్నర టైమ్ స్టెప్ తగ్గిస్తూ కూర్చున్నా, తీరా చూస్తే ఎయిర్ ఎంట్రీ (తడి మట్టిలోకి గాలి చొరబడటం మొదలయ్యే పీడనం) మైనస్ 2 సెంటీమీటర్లు అనే ఆప్షన్ కళ్ల ముందే ఉంది, పెట్టగానే రన్ అయింది.

తర్వాత నైట్రేట్ మైనస్‌లో వచ్చింది, మట్టి ఎవరికో బాకీ పడ్డట్టు. డిస్పర్సివిటీ (నీళ్లతో పోతూ నైట్రేట్ ఎంత చెదురుద్దో చెప్పే కొలత) 1 సెంటీమీటర్ ఇచ్చి నోడ్లు, అంటే లెక్క కట్టే బిందువులు, 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టా, ఈ రెండింటి నిష్పత్తైన పెక్లె నంబర్ 5 అయింది, 2 దాటకుండా ఉండాల్సింది. నోడ్లు దగ్గర చేస్తే సర్దుకుంది. సీజన్ అయ్యేసరికి నైట్రేట్ ముప్పావు మీటర్ కూడా దాటలేదు, హమ్మయ్య అనుకున్నా.

పొద్దున ఫోన్లో నాన్నకి గొప్పగా చెప్తే, "మే నెలలో ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుద్ది, వాన నీళ్లు నీ కంప్యూటర్‌ని అడిగి పోతాయంట్రా?" అన్నాడు.

నిజమే. ఆ 4.8 నెర్రె లేని మట్టికి. నైట్రేట్‌ది నెగెటివ్ చార్జ్, బంకమట్టిదీ అదే, కాబట్టి అతుక్కోదు, నీళ్లెటు పోతే అటు పోద్ది, పైన మిగిలింది తొలకరి జల్లులకి నెర్రెలెంట దిగిపోతే నా ముప్పావు మీటర్ లెక్కకి అర్థమే లేదు. గడ్డకి వేరే, నెర్రెకి వేరే లెక్క కట్టే డ్యూయల్ పర్మియబిలిటీ ఉంది గానీ తడిసేకొద్దీ నెర్రె మూసుకుపోద్ది కదా, మోడల్లో మాత్రం సీజనంతా అదే వెడల్పు.

అందుకే ఈ ఎండాకాలం వెళ్లి నీలం రంగు నీళ్లు పోసి, ఎటు దిగాయో తవ్వి చూద్దామనుకుంటున్నా. నాన్న సరే అన్నాడు, గుంత మాత్రం నువ్వే పూడ్చాలన్నాడు.