ఏడు నిమిషాల ఇరవై సెకన్ల చీకట్లో మూడో గుడ్డు

మార్చి 16, ఉదయం

బైరి డేగ గూటి గుంటలో మూడు గుడ్లున్నాయి. ఆరింటికి తెర ముందు కూర్చోగానే కనిపించింది అదే. సంతోషించాల్సిన విషయమే, కాని ప్రాణం ఉసూరుమంది. మూడో గుడ్డు పడే క్షణాన్ని చూడాలని రెండు రోజులుగా కాపు కాస్తున్నాను. నేను పడుకున్నాక, కాపలాకు పెట్టిన కంప్యూటర్ చడీచప్పుడు చేయకుండా ఉండగానే, అది వచ్చేసింది.

ఈ చిట్టాలోని సమయాలన్నీ గూటి కెమెరా ప్రత్యక్ష ప్రసారం మూలన కనిపించే గడియారంవి. గూడు ఎత్తైన భవనం అంచున గులకరాళ్లు పోసి పెట్టిన పెట్టె. జత నిరుటిదే: కుడి కాలికి ఉంగరమున్న ఆడ బైరి డేగ (పెరిగ్రిన్ ఫాల్కన్), దానికంటే మూడో వంతు చిన్నదైన మగది.

మొదటి గుడ్డు 11న 16:42కి పడింది. ప్రసారాన్ని వెనక్కి జరిపి సమయం తేల్చాను. రెండోది 14న 01:20కి. అలారం మోగింది, కళ్లారా చూశాను.

రెండింటి మధ్య ఎడం 56 గంటల 38 నిమిషాలు. పెరిగ్రిన్ ఫాల్కన్ గుడ్లు సాధారణంగా 48 నుంచి 72 గంటల తేడాతో వస్తాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అదే ఎడాన్ని మళ్లీ కలిపి, మూడోది 16న 09:58కి వస్తుందని లెక్క వేశాను. నాలుగు గంటల వెసులుబాటు ఉంచుకుని ఆరింటికి లేస్తే చాలనుకున్నాను. అంతకుముందే వస్తే అలారం ఉండనే ఉంది. ఒకే ఒక్క ఎడాన్ని చూసి ఒక పక్షి తీరును నిర్ణయించడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

మార్చి 16, సాయంత్రం

రోజంతా రాత్రి రికార్డింగును ఒక్కో ఫ్రేము చొప్పున చూశాను. దొరికినవి ఇవీ.

04:31కి ఆడది లేచి తోక అటు తిప్పింది. గుంటలో స్పష్టంగా రెండే గుడ్లు. 04:33కి సగం లేచిన భంగిమలోకి వచ్చింది: వీపు గూనిలా వంగింది, రెక్కలు కొంచెం జారాయి, తోక కింది ఈకలు విచ్చుకున్నాయి. రెండో గుడ్డుకు ముందు చూసింది ఈ భంగిమే, అనుమానం లేదు. 04:38:10కి తెర ఆగిపోయింది. 04:45:30కి మళ్లీ బొమ్మ వచ్చింది. అప్పటికి ఆడది కదలకుండా నిలబడి ఉంది, కళ్లు సగం మూసుకుని, తల కిందికి వాల్చి. 04:52కి కూర్చుంది. 05:07కి లేచింది. మూడు గుడ్లు.

అంటే చూసిన రుజువును బట్టి చెప్పగలిగింది 04:31కీ 05:07కీ మధ్య అని మాత్రమే. 36 నిమిషాలు. నాకది చాలదు. అందుకే రెండో గుడ్డు రికార్డింగును పక్కన పెట్టి పోల్చాను. పరారుణ దీపం కింద తడి గుడ్డు అద్దంలా మెరుస్తుంది. రెండో గుడ్డు మెరుపు తొమ్మిది నిమిషాల్లో పోయింది. 05:07 ఫ్రేములో మూడు గుడ్లలో దేనికీ మెరుపు లేదు, కాబట్టి పడింది 04:58 కంటే ముందే. రెండో గుడ్డు పడ్డాక ఆడది పదకొండు నిమిషాలు అలాగే నిలబడి, ఆ తరువాతే కూర్చుంది. ఈసారి కూర్చున్నది 04:52కి. అందులోంచి పదకొండు తీసేస్తే 04:41. సరిగ్గా బొమ్మ లేని వేళ. పైగా బొమ్మ తిరిగి వచ్చేసరికే అది ప్రసవం తరువాతి అలసటలో ఉన్నట్టు ఉంది. గుడ్డు ఆ ఏడు నిమిషాల ఇరవై సెకన్లలోనే పడిందని నా నమ్మకం.

వెనక్కి జరిపి చూడవచ్చు కదా అంటే, కుదరలేదు. లైను ప్రసారం చేసేవాళ్ల వైపే తెగి, తిరిగి కొత్త ప్రసారంగా మొదలైంది. తెగిన కాసేపూ ఎక్కడా నమోదు కాలేదు. అయితే అంత సేపు పోవడంలో నా పాలు ఎక్కువే. లైను తెగితే మళ్లీ ప్రయత్నించే ముందు 300 సెకన్లు ఆగమని నేనే రాసి పెట్టాను, అటువైపు సర్వరును విసిగించకూడదని. ప్రసారం రెండు నిమిషాల్లోనే తిరిగి వచ్చి ఉండవచ్చు. నా కంప్యూటర్ మొదటి ప్రయత్నంలో విఫలమై, ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుని, ఆ తరువాత బొమ్మ అందుకుంది. ఇప్పుడా అంకెను 10కి మార్చాను. పది సెకన్లకు ఒక విన్నపంతో ఏ సర్వరుకూ నొప్పి కలగదు.

ఒక్క విషయంలో మాత్రం ముందుచూపు పనికొచ్చింది. ఎంపీ4 కాకుండా ఎంకేవీ అనే వీడియో ఫైలు రూపంలో, పది నిమిషాల ముక్కలుగా దాస్తున్నాను కాబట్టి లైను తెగిన దగ్గరి ముక్క చివరి ఫ్రేము వరకూ చెక్కుచెదరకుండా ఉంది. ఎంపీ4 అయితే ఆ పది నిమిషాల ముక్క మొత్తం తెరుచుకునేది కాదు. తెరను రికార్డు చేసే ఓబీఎస్ మంచి సాధనమే, కాని రోజుల తరబడి సాగే ఈ పనికి ప్రసారాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకునే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు సాటి లేదు.

మార్చి 17

అసలు బాధ రికార్డింగుది కాదు, అలారానిది. 04:33 నుంచి 04:38 వరకు ఐదు నిమిషాలు ఆడది గుడ్డు పెట్టే భంగిమలో నా కంప్యూటర్ ముందే ఉంది. ఎందుకు మోగలేదు?

గుంట చుట్టూ 400 x 300 పిక్సెళ్ల చట్రం గీసి, సెకనుకు ఐదు ఫ్రేములు తీసుకుని, ఒక ఫ్రేముకూ దాని వెనకటి ఫ్రేముకూ తేడా చూస్తున్నాను. మారిన పిక్సెళ్లు 3 శాతం దాటితే మోగాలి. 14న అలాగే మోగింది. ఆ రాత్రి చలిగాలి, ఒక్క పురుగు లేదు. 15 రాత్రి గాలి ఆగింది. 22:00 నుంచి 23:00 లోపు 41 సార్లు మోగింది, ప్రతిసారీ కటకం ముందు నుంచి ఎగిరిన ఏదో పురుగు. పరారుణ కాంతిలో అవి తెల్లటి గీతల్లా, డేగ తలంత పెద్దగా కనిపిస్తాయి. విసిగిపోయి హద్దును 9 శాతానికి పెంచి పడుకున్నాను.

ఇప్పుడు అదే ఐదు నిమిషాల రికార్డింగును పాత పద్ధతిలో కొలిస్తే, తేడా సగటున 1.1 శాతం, గరిష్ఠంగా 3.4. అంటే 9 హద్దుతో గుడ్డు ఎన్నటికీ దొరకదు. పురుగులు మాత్రం 6 నుంచి 11 వరకు వెళ్తున్నాయి. హద్దు ఎక్కడ పెట్టినా పురుగే ముందు దొరుకుతుంది. కాబట్టి తప్పు అంకెలో లేదు, కొలిచే తీరులో ఉంది. గుడ్డు పెట్టడం కుదుపు కాదు, గడియారం ముల్లులా నెమ్మదిగా సాగే పని. ఆడది నాలుగు నిమిషాల్లో మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఐదో వంతు సెకను తేడా ఉన్న రెండు ఫ్రేముల మధ్య అది కనబడే అవకాశమే లేదు. 14న మోగింది కూడా బహుశా అది కాళ్లు సర్దుకున్నందుకే తప్ప భంగిమ గుర్తించి కాదు. ఆ విజయమే నన్ను తప్పుదారి పట్టించింది.

రాత్రి పదింటికి, చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ సాధనంతో మరో దారి పట్టాను. రెండు సెకన్లకొక ఫ్రేము చొప్పున గడిచిన నిమిషంలోని 30 ఫ్రేములు తీసుకుని, ప్రతి పిక్సెలుకూ మధ్యగత విలువ కడుతున్నాను. పురుగు ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఉంటుంది కాబట్టి మధ్యగతంలో ఆనవాలు లేకుండా పోతుంది. ఆ చిత్రాన్ని ఐదు నిమిషాల కిందటి అలాంటి చిత్రంతోనే పోలుస్తాను. సగటు వాడి చూశాను, పనికిరాలేదు. పురుగుల గీతలన్నీ పొగలా మిగిలిపోయాయి.

ఫలితం చూసి కుర్చీలోంచి లేచాను. రెండో గుడ్డు రాత్రి తేడా 2 శాతం నుంచి నాలుగు నిమిషాల్లో 13కు చేరింది. మూడో గుడ్డు రాత్రి 04:33కి 1.8, 04:37కి 11.9. హద్దు 8గా పెట్టి, తేడా 90 సెకన్లు నిలిస్తేనే మోగమంటే, 04:37 దాటాక మోగేది. తెర ఆగిపోవడానికి నిమిషం కంటే తక్కువ ముందు. మోగినా నేను లేచి చూసేసరికి ఎదుట ఆగిపోయిన బొమ్మే ఉండేది. ఈ సంగతి తెలిశాక మనసు కొంత కుదుటపడింది, కొంత ఇంకా బరువెక్కింది.

మూడు రాత్రుల పాత రికార్డింగుపై నడిపితే తప్పుడు మోతలు ఐదు. మూడు ఆడది అటు తిరిగి కూర్చున్నప్పుడు, రెండు మగది వచ్చి చోటు మారినప్పుడు. మగది వచ్చినప్పుడు తేడా ఒక్కసారిగా 40 దాటుతుంది. కాబట్టి 25 దాటితే మోగవద్దని పై హద్దు కూడా పెట్టాను. ఆడది అటు తిరిగి కూర్చోవడానికి మందు ఇంకా దొరకలేదు. ఉండనీ, ఒక రాత్రికి ఒక మోత భరించవచ్చు.

05:07 ఫ్రేమును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆడది గుడ్ల మధ్య నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడిచి, పిడికిలిలాంటి పాదాలతో అడుగు వేస్తుంది. ఆ పైన కిలోకు దగ్గరి బరువును మూడు పెంకుల మీద దించుతుంది. డీడీటీ అనే పురుగుమందు వాడిన కాలంలో ఈ కూర్చోవడమే గుడ్లకు ముప్పయింది. పెంకులు పలచబడి తల్లి కిందే పగిలిపోయేవి. ప్రకృతి పరిశోధకుడు డెరెక్ రాట్‌క్లిఫ్ బ్రిటన్‌లో సేకరించి ఉంచిన పాత గుడ్ల పెంకులను కొత్తవాటితో తూచి 1967లో ఆ సంగతి బయటపెట్టాడు. అమెరికాలో డీడీటీపై నిషేధం 1972లో వచ్చింది. అక్కడ ఈ పక్షి అంతరించే ముప్పున్న జాతుల జాబితా నుంచి బయటపడింది 1999లో. పెంకు మందం నా కెమెరాకు కనిపించదు. కాని ఆడది కూర్చుని లేచిన ప్రతిసారీ మూడూ నిండుగా ఉన్నాయో లేదో చూడకుండా ఉండలేను.

మార్చి 18

నాలుగో గుడ్డు 12:52. కొత్త అలారం నాలుగు నిమిషాల ముందే మోగింది, మొత్తం నమోదైంది.

పగటి వెలుగు కాబట్టి రంగులు కూడా కనిపించాయి. మొదటి రెండూ ముదురు ఇటుక రంగు, మూడోది కొంచెం తక్కువ, నాలుగోది బాగా లేత. మూడో గుడ్డు 04:41కి అనుకుంటే నాలుగోదానికి ఎడం 56 గంటల 11 నిమిషాలు. మొదటిది 56:38. మరి మధ్యలోది 51:21 ఎందుకయింది? నా 04:41 అంచనా తప్పా? 36 నిమిషాల కిటికీలో ఎక్కడ పెట్టినా 52 గంటలు దాటదు, కాబట్టి తప్పు అంచనాది కాదు. మగది 13న మూడుసార్లు, 14న ఐదుసార్లు, 15న రెండేసార్లు ఎర తెచ్చింది. 14 నాటి సమృద్ధికీ ఈ తొందరకూ సంబంధం ఉందేమోనని ఒక ఊహ. నాలుగు గుడ్లతో తేలే సంగతి కాదు. వచ్చే ఏడు నుంచి ప్రతి ఎరనూ సమయంతో సహా రాసి పెట్టుకోవాలి.

మార్చి 20

16 నుంచి గుడ్లను వదిలి లేవడం దాదాపు ఆగిపోయింది. అంతకుముందు ఆడది గంటల తరబడి పెట్టె అంచున నిలబడుతుంటే కొత్తగా చూసేవాళ్లు గుడ్లు చల్లారిపోతున్నాయని కంగారు పడతారు. కంగారు అక్కర్లేదు. నిలకడగా వేడి తగిలేవరకు లోపల పిండం పెరుగుదల మొదలుకాదు. చివరి గుడ్డుకు ముందరి గుడ్డు నుంచి పూర్తిగా పొదగడం వల్లే పిల్లలు దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి. మగది కూడా రోజుకు కొన్ని గంటలు పొదుగుతోంది. దాని చిన్న ఒంటికి నాలుగు గుడ్లూ ఒకేసారి కింద పట్టడం కష్టం. ఒకటి ఎప్పుడూ పక్కకు జారుతుంది, ముక్కుతో లాక్కుంటుంది, మరొకటి జారుతుంది. ఈ దృశ్యం కోసం నేను ఎన్ని గంటలైనా కూర్చుంటాను.

పొదగడానికి 31 నుంచి 33 రోజులు వేసుకుంటే మొదటి పగులు ఏప్రిల్ 16కూ 18కీ మధ్య కనబడాలి. అందుకు ఈ అలారం పనిచేయదు, ఆడది కూర్చునే ఉంటుంది. పెంకు పగిలే ముందు నుంచే పిల్ల లోపల కీచుమంటుంది కాబట్టి ఈసారి చెవిని నమ్ముకోవాలి. ప్రసారంలో ధ్వని ఉంది, కాని గాలి హోరు తక్కువ పౌనఃపున్యాలన్నిటినీ కప్పేస్తోంది. ఈ వారం రెండు కిలోహెర్ట్జ్ కంటే కిందిదంతా కోసేసి, మిగిలిన దాన్ని రాత్రిపూట వినబోతున్నాను. పిల్లల గొంతు నమూనాగా నిరుటి రికార్డింగు నుంచి నలభై సెకన్లు తీసి పెట్టుకున్నాను.

గుడ్డు అలారానికి మళ్లీ పరీక్ష కోసం ఏడాది ఆగనక్కర్లేదు. దక్షిణార్ధగోళంలోని ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోని 367 కాలిన్స్ స్ట్రీట్ భవనం మీది డేగలు ఆగస్టు చివర్లో గుడ్లు పెడతాయి. అదే దేశంలోని ఆరెంజ్ ఊళ్లో చార్ల్స్ స్టర్ట్ విశ్వవిద్యాలయం నీళ్ల ట్యాంకు మీది జత కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అప్పటికి ఒక్కో ప్రసారాన్ని రెండు కంప్యూటర్లు వేర్వేరు లైన్ల మీద దించుకునేలా సిద్ధం చేయాలి, ఒకటి తెగినా మరొకటి మిగిలేలా. రెండో కంప్యూటర్‌కు డిస్కు ఈరోజే ఖాళీ చేయడం మొదలుపెట్టాను. 04:38 ముక్కను మాత్రం తీసేయలేదు.