దవాఖాన ఖర్చు ఇప్పుడు ఎవరు కడుతున్నారు?

న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు ఆదివారం పొద్దున ఫోన్ చేసినప్పుడల్లా మా ఇద్దరి మధ్య ఒకటే వాదన నడుస్తోంది. అమెరికాలో ప్రజలందరి వైద్యానికీ ప్రభుత్వమే డబ్బు చెల్లించాలా, లేక ఇప్పటిలా బీమా కంపెనీలకే వదిలేయాలా అన్నది ఆ వాదన. "పెదనాన్నా, అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చివరికి పన్ను కట్టేది మేమే కదా" అని వాడంటాడు. నల్లగొండ జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా ఖజానా శాఖలో బిల్లులు చూసి పదవీ విరమణ చేసిన వాణ్ని కాబట్టి ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. కానీ అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ డబ్బును ఇప్పుడు ఎవరు, ఏ రూపంలో కడుతున్నారు?

హాలియా దగ్గరి పల్లెలో వరుసకు నాకు బావ అయ్యే రైతుకు 2025 సెప్టెంబరులో గుండెపోటు వచ్చింది. బకాయిలు అందలేదని ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసిన రోజులవి. కార్డు పట్టుకుని వెళ్లిన కుటుంబానికి కౌంటరు దగ్గర దొరికిన సమాధానం, "ప్రస్తుతానికి కార్డు మీద చేర్చుకోవడం లేదు" అని. స్టెంటు వేయించి ఆయనను ఇంటికి తెచ్చేసరికి మూడు లక్షల రూపాయలైంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి ఆ సొమ్ము తెచ్చారు. ఆ నోటు నకలు నేను చూశాను. తారీఖు దగ్గర 17 కొట్టేసి 18 అని దిద్ది ఉంది, ఎందుకంటే అది రాసేసరికి రాత్రి పన్నెండు దాటింది. కొడుకు పెట్టిన సంతకం రెవెన్యూ స్టాంపు దాటి పక్కకు జారిపోయింది.

మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీ. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు కాబట్టి, ఒక్క వడ్డీకే ఏటా ముప్ఫై క్వింటాళ్ల వడ్లు పోతాయి; అసలు తీరాలంటే మరో 125 క్వింటాళ్లు కావాలి. ఇది కూడా పన్నే అని నేనంటాను. శాసనసభలో ఎవరూ చర్చించని, బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కిందా కనిపించని, పేదవాడి దగ్గర ఎక్కువ శాతం గుంజే పన్ను.

మా తమ్ముడి కొడుకు కట్టేదీ మరో రకంగా ఇలాంటిదే. అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చే కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం 2024లో సగటున ఏడాదికి 25,572 డాలర్లని కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ సర్వే తేల్చింది. అందులో ఉద్యోగి జీతం నుంచి కోత పడేది సగటున 6,296 డాలర్లు. మిగిలినది కంపెనీ కడుతుందని వాడి ధీమా. కానీ కంపెనీ ఆ డబ్బును తన లాభం నుంచి తీసి ఇవ్వదు. వాడికి జీతంగా రావలసిన దానిలోంచే ఇస్తుంది. ఉద్యోగం పోతే ఆ బీమా కూడా చేజారుతుంది.

ప్రభుత్వం ఒక్కటే చెల్లించే పద్ధతి మన రైతులకు అర్థం కానిదేమీ కాదు. మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్లు అమ్ముకునే వాళ్లెవరినైనా అడగండి. ఐకేపీ కేంద్రంలో కొనేది సర్కారు ఒక్కటే కాబట్టి ధర ఒక్కటే ఉంటుంది, బేరాలుండవు, మనిషిని బట్టి రేటు మారదు. పొలం రైతుదే, మిల్లు మిల్లరుదే, డబ్బు కట్టేది మాత్రం సర్కారు. కెనడాలో వైద్యం దాదాపు ఇలాగే నడుస్తుంది: డాక్టర్లలో ఎక్కువ మంది ప్రైవేటుగానే పని చేస్తారు, బిల్లు రాష్ట్ర ప్రభుత్వానికి పంపుతారు. 1962లో సస్కాచివాన్ రాష్ట్రం దీన్ని మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు మూడు వారాలకు పైగా సమ్మె చేశారు. అయినా పథకం నిలబడి తర్వాత దేశమంతటికీ పాకింది. బ్రిటన్‌ది వేరే దారి. అక్కడ 1948 నుంచి ఆస్పత్రులు కూడా ప్రభుత్వానివే. తైవాన్ 1995లో ఒకే జాతీయ బీమా సంస్థను ఏర్పాటు చేసుకుంది.

ఇక ఖర్చు సంగతి. అమెరికాలో అందరి వైద్యానికీ ప్రభుత్వమే చెల్లించాలని సెనేటర్ బెర్నీ శాండర్స్ ప్రతిపాదించిన పథకానికి పదేళ్లలో ఫెడరల్ ప్రభుత్వం మీద అదనంగా 32.6 లక్షల కోట్ల డాలర్ల భారం పడుతుందని 2018లో మెర్కేటస్ సెంటర్ అనే పరిశోధన సంస్థ లెక్క కట్టింది. మా తమ్ముడి కొడుకు నాకు పంపిన అంకె అదే. అయితే అదే పత్రంలో, ఆ పథకంలో రాసినట్టు ఆస్పత్రులకు మెడికేర్ (అక్కడ వృద్ధులకు ప్రభుత్వం నడిపే బీమా) రేట్లే ఇస్తే, ప్రభుత్వమూ ప్రజలూ కలిసి పెట్టే మొత్తం వైద్య ఖర్చు ఆ పదేళ్లలో సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతుందన్న లెక్క కూడా ఉంది. అంత తక్కువ రేట్లు నిలుస్తాయా అని ఆ రచయితే సందేహించాడు, ఆ సందేహం న్యాయమైనదే. కానీ 32.6ను మాత్రమే చూపి తగ్గేదాన్ని దాచడం, క్యాష్ బుక్కులో ఒక పక్క మాత్రమే చదివి వినిపించడం లాంటిది.

వాడి వైపు కూడా గట్టి సాక్ష్యం ఉంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2011లో ఇటువంటి చట్టమే చేసింది. తీరా లెక్కలు వేస్తే యజమానులు చెల్లించే జీతాల మీద 11.5 శాతం, కుటుంబాల ఆదాయం మీద 9.5 శాతం వరకు పన్ను వేయవలసి వస్తుందని తేలడంతో, దాన్ని తలకెత్తుకున్న గవర్నర్ పీటర్ షమ్లిన్ తానే 2014 డిసెంబరులో వదిలేశాడు. కళ్లకు కనిపించే పన్నుకు జనం భయపడతారు, కనిపించని వడ్డీకి అలవాటు పడతారు. ఈ భయాన్ని తప్పు పట్టలేను, ఎందుకంటే పన్ను కట్టాక సేవ అందుతుందన్న హామీ వాళ్లకు ఎవరు ఇచ్చారు?

ఆ హామీ మనకూ అరకొరగానే దక్కింది. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. ముంబైకి, పుణెకు వలసపోయిన పాలమూరు కూలీ కార్పొరేట్ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకోగలడని అంతకుముందు ఎవరూ ఊహించలేదు, ఆ మేలును నేను ఎన్నటికీ తక్కువ చేయను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి పరిమితి పది లక్షలైంది. కానీ పరిమితి పెంచడం ఒక ప్రకటనతో అయిపోతుంది, బిల్లులు మాత్రం ప్రతి నెలా వస్తాయి. పైగా ఈ పథకం ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకే ప్రధానంగా పనికొస్తుంది. బీపీ, షుగరు మాత్రలు మెడికల్ షాపులో కొనుక్కునే వాళ్ల జేబులోంచి ప్రతి నెలా పోయేది దీని లెక్కలోకి రాదు. దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో 2013-14లో 64.2 శాతం ప్రజలు చేతి నుంచే పెట్టుకునేవారు. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. దిగినా, పది రూపాయల్లో నాలుగు ఇంకా రోగి ఇంటివే.

డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, స్వాతంత్ర్యానికి ముందు దేశ వైద్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే రాసింది. ప్రభుత్వ వైద్య వ్యయాన్ని 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం గడువు పెట్టుకుంది. 2021-22లో ఉన్నది 1.84 శాతం.

నేను చూసిన పనిని బట్టి చెబుతున్నాను: కొనేవాడు ఒక్కడే అయినప్పుడు అతడు సమయానికి కట్టడమే ఆ పద్ధతికి ప్రాణం. వడ్లు కాంటా అయి వారాలు గడిచినా ఖాతాలో డబ్బు పడకపోతే రైతు మద్దతు ధరను వదులుకుని దళారికి అమ్ముకుంటాడు. ఆస్పత్రి కూడా అంతే, కార్డును వదిలి నగదు అడుగుతుంది. మా సీటు దగ్గర వైద్య రీయింబర్స్‌మెంట్ బిల్లు ఒకటి నెలల తరబడి ఆగిందంటే, దాని వెనుక అప్పు చేసి ఆస్పత్రికి కట్టిన ఉద్యోగి ఒకడు వడ్డీ మోస్తున్నాడని నాకు తెలిసేది. టోకెన్ నంబరు కాగితం పట్టుకుని వచ్చిన వాళ్లకు "బడ్జెట్ రిలీజు కాలేదు" అని చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైన పని. అందుకే ప్రభుత్వమే కట్టే పద్ధతి కావాలని అడిగేటప్పుడు, ఆస్పత్రి బిల్లు ఇన్ని రోజుల్లో చెల్లించి తీరాలి, ఆలస్యమైతే వడ్డీ సర్కారే భరించాలి అనే నిబంధనను చట్టంలోనే పెట్టమని కూడా అడగాలి. సర్కారు దవాఖానను బలపరచకుండా డబ్బంతా ప్రైవేటు బిల్లులకే పోస్తే బేరమాడే శక్తి మిగలదని మా తమ్ముడి కొడుకుతో పోయిన ఆదివారం చెప్పాను. ఆ మాటకు మాత్రం వాడు ఎదురు చెప్పలేదు.

బావ ఇప్పుడు నెమ్మదిగా పొలం గట్టు దాకా నడుస్తున్నాడు. యాసంగి వడ్ల డబ్బులు ఖాతాలో పడగానే అసలు కింద అరవై వేలు కడతానని అప్పిచ్చినాయనకు మాట ఇచ్చాడు. మూడేళ్లు దాటితే నోటు మీద దావా చెల్లదు కాబట్టి, కట్టిన సొమ్ము నోటు వెనక రాసి సంతకం పెట్టకపోతే, 2028 సెప్టెంబరు లోపల మిగిలిన దానికి మళ్లీ తిరగరాయాలి.