మంచం కింద పరుపు

రాత్రి మూడయింది. వార్డులో లైట్లు తగ్గించారు. ఆరో మంచం మీది పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. మూడు నెలల పిల్ల, మూడు కిలోలు కూడా లేదు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, అంగిలి కూడా కలవలేదు. మనం గ్రహణమొర్రి అంటాం. ఇలాంటి బిడ్డ రొమ్ము పట్టినా పాలు లాగలేదు. లాగాలంటే గాలి చొరబడకుండా నోరు బిగుసుకోవాలి, ఈ చీలికలోంచి గాలి లోపలికి వచ్చేస్తుంది. మింగబోయిన నాలుగు చుక్కలూ ముక్కులోంచి తిరిగొస్తాయి. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోతుంది తప్ప, కడుపు నిండి కాదు.

పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, నొక్కితే పాలు వచ్చే మెత్తటి సీసాతో, గుటక గుటకకీ ఆగుతూ పట్టాను. అరగంటకి అరవై మిల్లీలీటర్లు దిగాయి. వీపు తట్టి, తేన్పు వచ్చాక పడుకోబెట్టాను. మంచం కింద పరుపు మీద తల్లి మేలుకునే ఉంది. చీకట్లో ఆమె కళ్లు నా చేతులనే చూస్తున్నాయి. నువ్వు పడుకో, నేనున్నానుగా అని సైగ చేశాను. ఆ పూట మంచి పనే చేశాననుకున్నాను.

అది 2024 జనవరి. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ రేవులో ఆగి ఉన్న గ్లోబల్ మెర్సీ అనే ఆసుపత్రి ఓడలో నేను వాలంటీరు నర్సుని. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సంస్థ ఓడ అది. పొడవు 174 మీటర్లు, ఆరు ఆపరేషన్ థియేటర్లు, రెండు వందల పడకలు. ఎంత పెద్దదైనా ఓడ ఓడే, స్థలం కొలిచి వాడుకోవాలి. అందుకే బిడ్డ మంచం మీద, తల్లి సరిగ్గా ఆ మంచం కింద పరిచిన పరుపు మీద. రాత్రి రౌండ్లలో టార్చి కిందికి వేస్తే ముందు కనబడేది తల్లుల పాదాలే. ఎంత దూరం నడిచి వచ్చాయో ఆ మడమల పగుళ్లే చెప్పేవి.

నర్సుగా దేశం విడిచి పదిహేనేళ్లు దాటింది. మొదట కువైట్, తరవాత ఇంగ్లండ్. కువైట్ విమానం ఎక్కేనాటికి నా కూతురికి పదకొండు నెలలు. అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. పిల్ల మొదటి అడుగులు ఫోన్లో విన్నాను. "వేసిందే, నాలుగడుగులు వేసిందే!" అని అమ్మ అటు సంబరపడుతుంటే, నేను ఎవరి పిల్లకో జ్వరం చూసి చార్టులో రాస్తున్నాను. ఆ జీతంతోనే అప్పులు తీరాయి, తమ్ముడి చదువు పూర్తయింది. చేసింది తప్పని అనను. కానీ మూడేళ్ల తరవాత ఇంటికి వెళ్తే నా కూతురు మా అమ్మ వెనక దాక్కుని నన్ను "ఆంటీ" అంది. ఆ మాట ఈనాటికీ నాలో ఒకచోట అలాగే ఉంది. ఫ్రీటౌన్‌లో పిల్లలందరూ నన్ను ఆంటీ అనే పిలిచేవాళ్లు.

చర్చిలో ఒక ఆదివారం ఈ ఓడ గురించి విన్నప్పుడు నాకు భారం కలిగింది. మన సంఘాల్లో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. దేవుడే మోపిన పని అనిపిస్తుంది, వద్దనుకున్నా మనసు మీదనుంచి దిగదు. జీతం లేని సెలవు పది వారాలు అడిగి తీసుకున్నాను. టికెట్టు, ఓడలో భోజనం, బస, అన్నీ మన ఖర్చే. సర్జన్ అయినా, వంటింట్లో గిన్నెలు కడిగేవారైనా అప్పుడు దాదాపు అందరిదీ అదే పద్ధతి. డబ్బు కట్టి మరీ డ్యూటీ చేయడమేంటని తోటి నర్సులు అడిగారు. జీతం కోసం నా బిడ్డను వదిలి వెళ్లినదాన్ని, జీతం లేకుండా ఒక్కసారైనా ఇంకొకరి బిడ్డ దగ్గర నిలబడాలనిపించింది. అంతకు మించి జవాబు నా దగ్గర లేదు.

ఓడ ఎందుకు అవసరమైందో అక్కడికి వెళ్తేనే అర్థమవుతుంది. 1991 నుంచి 2002 దాకా ఆ దేశంలో అంతర్యుద్ధం. కాస్త కోలుకుంటుండగా 2014లో ఎబోలా, రోగిని ముట్టుకుంటే అంటుకునే ప్రాణాంతక జ్వరం. రోగులతోపాటు వాళ్లను చూసుకున్న నర్సులూ డాక్టర్లూ పోయారు. మా వార్డులో పనిచేసే స్థానిక దుబాసీ ఒకమ్మాయి ఆ రోజుల గురించి ఒకే ఒక్క మాట చెప్పింది: "ఎవరినీ ముట్టుకునేవాళ్లం కాదు, అమ్మనైనా సరే." ఐదేళ్లలోపు పిల్లలకు ఉచిత వైద్యం 2010లోనే ప్రభుత్వం ప్రకటించింది. కానీ మలేరియాకి మందు ఇవ్వడం వేరు, వంకర కాలు సరిచేసే సర్జన్ ఉండటం వేరు. లోకంలో 500 కోట్ల మందికి సురక్షితమైన ఆపరేషన్ అందుబాటులో లేదని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2015లో లెక్క చెప్పింది. ఆ అంకె నాకెప్పుడూ ఊహకు అందలేదు, ఆరో మంచం దగ్గర నిలబడేదాకా.

చీలిక కుట్టడానికి సర్జన్లు పాటించే పాత లెక్క ఒకటుంది: పది వారాల వయసు, పది పౌన్ల బరువు, హిమోగ్లోబిన్ పది. పాపకి వయసు ఉంది, బరువు లేదు. అంటే నాలుగున్నర కిలోలకు తేవాలి. నా చేతిలో బాగా తాగుతోంది కదా అని, డ్యూటీలో ఉన్నంతసేపూ నేనే పట్టేదాన్ని. నాలుగో రోజుకి ఒకటి కనిపెట్టాను. పాప ఏడిస్తే తల్లి చేతులు ఒళ్లోనే ఉండిపోతున్నాయి. నా కోసం తలుపు వైపు చూస్తోంది. "సిస్టా" అని పిలుస్తోంది.

ఆ ఉదయం డ్యూటీ అప్పగింతలు అయ్యాక సీనియర్ నర్సు నన్ను పక్కకు పిలిచింది. కోప్పడలేదు. "పాపకి పాలు పట్టడం నీకు వచ్చు. ఆమెకి వచ్చిందా? రేపు పాపతో ఇంటికి వెళ్లేదెవరు?" అంది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. నా పిల్లకు అన్నం తినిపించడం నాకంటే ఆమెకే బాగా వచ్చు కాబట్టి, ఇంటికి వెళ్లిన ఆ నెల రోజుల్లో నేను కూడా అలాగే చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసిన నేనే, ఇంకో తల్లిని అలా కూర్చోబెట్టాను.

ఆ రాత్రి సీసా తల్లి చేతిలో పెట్టాను. చెయ్యి వణికింది. పాలు చెంప మీదుగా కారి బట్టలు తడిశాయి. పాప పొలమారి దగ్గింది, తల్లి భయపడి సీసా నాకు ఇచ్చేయబోయింది. నేను తీసుకోలేదు. ఆమె మోచెయ్యి కింద నా చెయ్యి ఆనించి, పాప గడ్డం కాస్త పైకెత్తించాను. ముప్పావు గంటకి ఇరవై మిల్లీలీటర్లు. నేనైతే అరవై పట్టేదాన్ని, ఆ తేడా చూస్తూ ఊరుకోవడం నా ఉద్యోగ జీవితంలో కష్టమైన పనుల్లో ఒకటి. క్రియో భాషలో అక్కడివాళ్లు అన్నిటికీ వాడే మాట "స్మోల్ స్మోల్", కొంచెం కొంచెంగా అని. దుబాసీ అమ్మాయి తల్లి భుజం తట్టి ఆ మాటే అంది. వారం తిరిగేసరికి తల్లి పాపతో ఒడ్డు మీద ఉన్న హోప్ సెంటర్‌కి మారింది. ఆపరేషన్‌కి ముందూ వెనకా కుటుంబాలు ఉండే చోటది. వారం వారం తూకానికి ఓడకి వచ్చేది.

అలా వచ్చిన ఒక రోజు ఆమె అడిగింది, నేనేం తప్పు చేశాను సిస్టా అని. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఏదో శాపం తగిలిందని అత్తింటివాళ్లు అన్నారట. గర్భంలో మొదటి రెండు మూడు నెలల్లో పెదవి, అంగిలి రెండు పక్కలనుంచీ వచ్చి కలుస్తాయని, కొందరిలో కలవవని, అందులో తల్లి తప్పేమీ లేదని చెప్పాను. చెబుతుంటే నా నోట్లోని మాటే నన్ను గుచ్చింది. గ్రహణమొర్రి! పేరులోనే తల్లి మీద నింద. గ్రహణం చూసిందని, కత్తి పట్టిందని. మా భాషలోనూ ఇలాగే అంటారు, అదీ నిజం కాదు అన్నాను. దుబాసీ ఆ మాట చెప్పాక ఆమె చాలాసేపు నా వైపు చూసింది. సముద్రం అవతల కూడా తనలాంటి తల్లులున్నారని అప్పుడే తెలిసినట్టుంది.

దొడ్డికాళ్ల పిల్లల సందడి వేరు. రెండు కాళ్లకీ కట్లు, చేతిలో వాకర్, నడవలో పందేలు. మధ్యాహ్నం వాళ్లను పైన డెక్ మీదికి తీసుకెళ్లేవాళ్లం. హర్మటాన్ గాలి సహారా ధూళిని మోసుకొచ్చి కొండలను మసకగా కప్పే నెలలవి. ఏడేళ్ల బాబు ఒకడు కట్లు విప్పిన కొత్తలో నాలుగడుగులు వేసి దబ్బున కూలబడ్డాడు. నేను పరుగెత్తాను. "లెఫ్ అమ్!" అంది వాళ్లమ్మ గట్టిగా. వదిలెయ్ వాణ్ణి అని. కూర్చున్న చోటునుంచి ఆమె కదల్లేదు, కానీ పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. వాడు రెయిలింగ్ పట్టుకున్నాడు, జారాడు, మళ్లీ పట్టుకున్నాడు, లేచాడు. ఎన్నో ఏళ్లు వీపున మోసిన తల్లి ఆమె. ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు వదలాలో ఆమెకి తెలిసినట్టు నాకు తెలియదు.

ప్రార్థన సంగతి చెప్పాలి. సియెర్రా లియోన్‌లో ముస్లింలే ఎక్కువ. సభలు రెండు మతాల ప్రార్థనలతోనూ మొదలవడం అక్కడ మామూలే, ఒకే ఇంట్లో రెండు విశ్వాసాలూ ఉంటాయి. మా వార్డులో పొద్దున్నే ప్రార్థన చేసేవాళ్లం, ఇష్టమైనవాళ్లు కలిసేవాళ్లు. పదో మంచం కింద ఒక పెద్దావిడ అదే సమయానికి తస్బీ, అంటే ముస్లింల జపమాల, తిప్పుకుంటూ ఉండేది. ఎవరి వైద్యమూ ఎవరి ప్రార్థనతోనూ ముడిపెట్టి లేదు. అది అలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. బిడ్డను ఆపరేషన్‌కి పంపిన తల్లి దేనికైనా తల ఊపుతుంది. అలాంటి తలూపును విశ్వాసమని లెక్కేసుకోకూడదు. ప్రభువు కుంటివాణ్ణి లేపినప్పుడు ముందుగా ఏ సంతకమూ అడగలేదు. థియేటర్ తలుపు మూసుకున్నాక ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని నాలో నేను తెలుగులో ప్రార్థించాను. ఆవిడ ఏదో గొణుక్కుంటూ నా చెయ్యి వదల్లేదు.

ఇంగ్లండ్‌లోని మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ అడిగేవాళ్లు: "వందనాలు సిస్టర్, పిల్లల ఫోటోలు పెట్టండి, అందరికీ సాక్ష్యంగా ఉంటుంది." ప్రేమతోనే అడిగారు, తెలుసు. పెట్టలేదు. చీలిన పెదవితో ఉన్న పాప ముఖం రేపు ఆ పాప పెద్దయ్యాక చూసుకోవాల్సింది, ఆమె అనుమతి నాకెవరు ఇస్తారు? మా పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "మంచిదమ్మా, పేర్లు లేకుండా ప్రార్థిస్తాం, ఆయనకి పేర్లు తెలుసు" అన్నారు.

పదో వారం తూకంలో పాప నాలుగు కిలోల ఒక వంద గ్రాములు తూగింది. ఇంకా నాలుగు వందలు కావాలి, నా విమానం శుక్రవారం. ఆ పెదవి కుట్టడం నేను చూడలేదు.

గురువారం కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. చేతిలో గుడ్డ కప్పిన బిడ్డ, అదే చీలిక. గుడ్డ తియ్యడానికి ఒప్పుకోవడం లేదు. నేను సీసా సిద్ధం చేసి ఆమె వైపు నడుస్తుంటే, తూకానికి వచ్చిన పాప తల్లి నా ముందుకు వచ్చి చెయ్యి చాపింది. సీసా ఇచ్చాను. ఆమె తన పాపను నా చేతికిచ్చి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని, గుడ్డ తనే మెల్లగా తీసింది. బిడ్డ గడ్డం కింద వేలు పెట్టి, ఆ అమ్మాయి మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.