గెలలు కోసే కత్తికి తోలు ఒర: మూడోది అయ్యేసరికి

కత్తి రావులపాలెం వైపు అరటి తోటల్లో వాడే రకం. లారీ కమాను కట్టతో కమ్మరి కొలిమిలో కొట్టింది. అలుగు పొడవు 15 సెం.మీ., వెడల్పు 32 మి.మీ., వెన్ను మందం 3 మి.మీ. తోలు కూడా 3 మి.మీ. మందమే, తుమ్మచెక్క, కరక్కాయలతో ఊనింది (పదును చేసింది). క్రోమియం లవణాలతో ఊనిన క్రోమ్ తోలు దీనికి పనికిరాదు. తడిపినా ఆకారం నిలవదు, అంచు ఎంత రుద్దినా పీచు లేస్తూనే ఉంటుంది.

మొదటి ఒరలో రెండు పొరల మధ్య పట్టీ వేయలేదు. వాదర నేరుగా దారం మీదికి దిగి కుట్లు తెగాయి. రెండో దాన్నుంచి అదే తోలుతో 10 మి.మీ. వెడల్పు పట్టీ, చెప్పుల సొల్యూషన్‌తో అతికించి. రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాకే అతకాలి. తొందరపడితే పొర జారుతుంది.

కుట్టు అంచుకి 5 మి.మీ. లోపల, కన్నానికీ కన్నానికీ 4 మి.మీ. మూడు పొరలు కలిసి 9 మి.మీ. మందం కాబట్టి ఆరెతో పొడిస్తే వెనకవైపు కన్నాలు వంకరపోతాయి. స్టాండుకి బిగించిన డ్రిల్లు, 1.5 మి.మీ. బిట్టు నయం. దారం కుట్టు పొడవుకి నాలుగు రెట్లు చాలంటారు, ఇంత మందానికి చాలదు. రెండు సూదుల కుట్టులో (ఒకే దారానికి రెండు కొసలా సూదులు) ఒక్కో కుట్టుకి ఒక్కో సూది 4 + 9 = 13 మి.మీ. లాగుతుంది, రెండూ కలిపి 26. అంటే ఆరున్నర రెట్లు. 18 సెం.మీ. కుట్టుకి 117 సెం.మీ., సూదుల కొసలు, చివర వెనక్కి వేసే మూడు కుట్లు కలుపుకుని 1.7 మీటర్లు కత్తిరించుకోవాలి.

రెండో ఒర పాడైంది తడి దగ్గర. ఉత్త అలుగునే తడి తోలులో పెట్టి ఆకారం తీస్తే లోపలంతా నల్లమచ్చలు, అలుక్కి తుప్పు. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే నలుపే మరి. పెడన కలంకారీలో నల్ల రంగు పుట్టేది ఇలాగే: బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టిన కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. అందుకే అలుక్కి ముందు నూనె రాసి, ప్లాస్టిక్ కాగితం రెండు చుట్లు చుట్టి, అప్పుడు దూర్చాలి. తోలుని గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచితే చాలు. ఆరబెట్టడం ఫ్యాను కిందే. ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. శ్రావణంలో మన గాలికి రెండు రోజులు పూర్తిగా పడుతుంది, ఒక రోజుకే మైనం పట్టిస్తే లోపల బూజు.

ఇక అంచు. ఒర నీటుగా కనిపించేదీ, నాటుగా కనిపించేదీ ఇక్కడే. మూడు పొరల మధ్య సొల్యూషన్ గీతలు పూర్తిగా పోయేదాకా 120 నంబరు గరుకు కాగితంతో అరగదీయాలి. గీత మిగిలితే అక్కడ నునుపు రాదు, ఎంత రుద్దినా మెరవని చారలాగే ఉండిపోతుంది. దీనికోసం కోసేటప్పుడే 2 మి.మీ. అదనంగా ఉంచుకోవాలి. తర్వాత 240, మూలలు గుండ్రంగా చెక్కడం, 400, 600. ఆపైన 100 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి కలిపిన జిగురు వేలితో పలచగా పూయాలి. సగం ఆరాక, గాడి తీసిన టేకు ముక్కతో గట్టిగా, వేగంగా రుద్దాలి. ముక్క వేడెక్కుతుంటే అంచు రంగు ముదురుతుంది, పీచు అణిగి గాజులా తేలుతుంది. మరీ తడిగా ఉన్నప్పుడు రుద్దితే అంచు పుట్టగొడుగులా పక్కకి పొంగుతుంది. అలా అయితే ఆరనిచ్చి మళ్లీ 400 నుంచి మొదలు. చివర తేనెమైనం, మందపాటి నూలుగుడ్డ.

మూడో ఒరలో మిగిలిన లోపం నోటి అంచు. అతికించాక లోపలి వైపు టేకు ముక్క అందదు, అక్కడ గరుకుగానే ఉండిపోయింది. నాలుగోదానికి నోటి అంచు మాత్రం అతకడానికి ముందే రుద్దేయాలి.