టేబుల్ అడుగున మినీ పీసీ

బరంపురంలో మా టేబుల్ చిన్నది, మానిటరూ కీబోర్డూ పెట్టాక పిల్లల పుస్తకాలకి చోటే మిగలదు, అందుకే మినీ పీసీని (చిన్న డబ్బాలాంటి కంప్యూటరు) టేబుల్ అడుగున బిగించేశాను. పీసీతో వచ్చే వెసా ప్లేటు, అంటే దాన్ని తగిలించే రంధ్రాల రేకు, మానిటర్ వెనక్కే అనుకుంటారు చాలామంది (75, 100 మిల్లీమీటర్ల దూరంలో రంధ్రాలుంటాయి), చెక్కకీ బిగించుకోవచ్చు. మా ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లు కాబట్టి అరంగుళం స్క్రూలే వాడాలి, పొడుగువైతే మొన పైకి పొడుచుకొస్తుంది. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కదా, తుప్పు గొడవ లేకుండా స్టెయిన్‌లెస్‌వే తెచ్చాను. "డ్రిల్లు ఎందుకు బాబూ, మేకులు కొట్టేస్తే పోలా" అన్నాడు వడ్రంగి. ససేమిరా అన్నాను.

అసలు సంగతి గాడిలో ఉంది. పీసీ అడుగునున్న రెండు స్క్రూల తలలు ప్లేటు గాడిలోకి జారి కూర్చుంటాయి, నిలువుగా పెడితే బరువే వాటిని పట్టి ఉంచుతుంది గానీ టేబుల్ కింద ఆ సాయం ఉండదు, కాబట్టి ఎవరి కాలో తగిలి వైరు లాగినా ఇంకా లోపలికే బిగిసేలా దిశ చూసుకోవాలి. నాది పక్కల నుంచి గాలి పీల్చేది. అడుగు నుంచి పీల్చేవాటిని చెక్కకి ఆనిస్తే వేడెక్కి నెమ్మదిస్తాయి, వాటికి ఖాళీ వదిలే ట్రే నయం. పవర్ బటన్ కోసం వంగడం విసుగైతే బయోస్‌లో (పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకోగల సెట్టింగుల మెనూ) కీబోర్డుతో ఆన్ చేసే సెట్టింగ్ ఉందేమో చూడండి.