విదేశంలో వెటర్నరీ చదువు: చేతికి రావాల్సిన పనులు

వెటర్నరీ చదవడానికి వేరే దేశం వెళ్లాలనుకునేవాళ్లు మొదట ఫీజు చూస్తారు, తర్వాత కాలేజీ పేరు చూస్తారు. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది, డిగ్రీ చేతికొచ్చాక ఏ దేశంలో ప్రాక్టీసు పెట్టాలన్నది. అక్కణ్నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. యూరోపియన్ యూనియన్‌లో 2005/36 డైరెక్టివ్ ప్రకారం పశువైద్య విద్య కనీసం ఐదేళ్ల పూర్తికాలపు చదువై ఉండాలి. ఈఏఈవీఈ అనే సంస్థ యూరప్ కాలేజీలను తనిఖీ చేసి గుర్తింపు ఇస్తుంది. అది మంచి సూచనే కానీ లైసెన్సు మాత్రం కాదు. అమెరికాలో పనిచేయాలంటే అక్కడి పశువైద్యుల సంఘం ఏవీఎంఏ గుర్తించిన కాలేజీ అయితే నేరుగా నావ్లీ అనే లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. మామూలుగా తక్కినవాళ్ల దారి ఈసీఎఫ్‌వీజీ, అంటే విదేశీ డిగ్రీవాళ్ల అర్హతను పరీక్షించే కార్యక్రమం. అందులో నాలుగు మెట్లు: పత్రాల పరిశీలన, ఇంగ్లీషు, రాతపరీక్ష, చివర్న పశువుల మీద చేసి చూపించే పరీక్ష. ఆ చివరి మెట్టులో మత్తు, ఆపరేషన్, గుర్రం, పాడిపశువు, ఎక్స్‌రే, పోస్ట్‌మార్టం, కుక్కాపిల్లుల వైద్యం, అన్నీ విడివిడిగా చూస్తారు. బ్రిటన్‌లో గుర్తింపు లేని డిగ్రీతో వచ్చినవాళ్లకు అక్కడి పశువైద్యులను నమోదు చేసే సంస్థ ఆర్‌సీవీఎస్ వేరే పరీక్ష పెడుతుంది. ఈ సంగతులు అడ్మిషన్ ఏజెంటును అడిగి నమ్మకండి. ఆ దేశపు వెటర్నరీ కౌన్సిల్‌కే రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక ప్రయాణానికి ముందు పని టీకాలు. రేబిస్ ముందస్తు టీకా మొదలుపెట్టకుండా వెళ్తే కొన్ని చోట్ల క్లినిక్ మెట్టు ఎక్కనివ్వరు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రెండు విడతలకు తగ్గించింది: మొదటి రోజు ఒకటి, ఏడో రోజు ఒకటి. కానీ 21వ రోజో 28వ రోజో మూడో డోసు కూడా అడిగే కాలేజీలున్నాయి. ముందే కనుక్కోండి, లేకపోతే టికెట్ తేదీకీ టీకా తేదీకీ పొంతన కుదరదు. తర్వాత రక్తంలో యాంటీబాడీ చూపించమంటే, మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. సర్టిఫికెట్ మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్నాయో లేదో ఆసుపత్రిలోనే చూసుకోండి. బ్యాచ్ నంబరు లేని కాగితాన్ని తిప్పి పంపుతారు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేసుకున్నారో కూడా రాయించుకోండి. టీకా ఉంది కదా అని కాటును తేలిగ్గా తీసుకోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ముందస్తు టీకా వేసుకున్నవాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు, టీకా ఆ రోజొకటి, మూడో రోజొకటి చాలు. పిల్లి కాటు పైకి చిన్న గాటులా కనిపిస్తుంది. పళ్లు సన్నంగా, పొడుగ్గా ఉండి లోతుకు దిగుతాయి కాబట్టి లోపల చీము పట్టేది ఎక్కువగా అదే.

మొదటి రెండేళ్లూ అనాటమీ రాజ్యం. ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే. మనిషి వైద్యం చదివేవాళ్లకు ఒకటే శరీరం. ఇక్కడ కుక్క, గుర్రం, ఆవు, పంది, కోడి, ఒక్కోదానికీ తేడాలే. గుర్రానికి పిత్తాశయం లేదు. ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్లు లేవు. ఆవు మూత్రపిండం బయటికే గడ్డలు గడ్డలుగా కనిపిస్తుంది, గుర్రం కుడి మూత్రపిండం ఆకారం హృదయాన్ని పోలి ఉంటుంది. కుక్కకు మొత్తం 42 పళ్లు. పుస్తకం చదివి ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలంటే బుర్ర పట్టదు. ఎముక చేతిలో పట్టుకుని నేర్చుకోవాలి, అదీ ఒక వరుసలో: ముందు ఏ ఎముక, తర్వాత కుడిదా ఎడమదా, ఆ తర్వాతే ఏ జంతువు. ఈ వరుస తప్పినవాళ్లు నోటి పరీక్షలో అన్నీ తెలిసి కూడా చిక్కుకుపోతారు. భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక (హ్యూమరస్) ఇచ్చారనుకోండి. గుండ్రటి తల వెనక్కి, లోపలికి చూస్తుంది, పెద్ద గడ్డ ముందుకు, బయటికి ఉంటుంది. ఈ రెండూ చూస్తే కుడి ఎడమ తేలిపోతుంది. ఇక కిందివైపు చూడండి. మోచేతి గుంట మధ్యలో రంధ్రం ఉంటే అది మామూలుగా కుక్క. గుంట మూసి ఉండి, లోపలి అంచున, ఎముక పక్కన సన్నటి వంతెన కింద రంధ్రం ఉంటే పిల్లి.

జంతువుల శరీరాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాలుకు నాలుగో నంబరు స్కాల్పెల్ పిడి, దానికి 22 నంబరు బ్లేడ్లు, సన్న పనికి మూడో నంబరు పిడి, 10, 15 బ్లేడ్లు చాలు. పళ్లున్న ఫోర్సెప్స్ ఒకటి, పళ్లు లేనిది ఒకటి. బ్లేడ్ మార్చేటప్పుడు వేళ్లతో పట్టుకోవద్దు. ఫోర్సెప్స్‌తో బ్లేడ్ మొదలు దగ్గర పట్టి, మొన అవతలికి తిప్పి లాగాలి, తీసిన బ్లేడ్ డబ్బాలోకే వెళ్లాలి. బల్ల మీద ఒక్క నిమిషం ఉంచినా ఎవరో ఒకరి చెయ్యి దాని మీద పడుతుంది. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు చర్మాన్ని లోతుగా కోయడం. చర్మం కిందే నడిచే సన్న నరాలు, సిరలు దానితోపాటే తెగిపోతాయి. రేపు పరీక్షలో చూపించమనేది వాటినే. చర్మం వరకే కత్తి, ఆ తర్వాత మొండి కత్తెర నోరు తెరుస్తూ, వేలితో విడదీస్తూ పోవాలి. రోజు పని అయ్యాక ఆ భాగాన్ని తడి గుడ్డలో చుట్టకపోతే మర్నాటికి ఎండి తోలైపోతుంది. శరీరాలు కుళ్లకుండా వాడే ఫార్మాలిన్ విషయంలో రాజీ వద్దు. దానిలో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కాంటాక్ట్ లెన్స్ తీసేయండి, కళ్లు మండుతుంటే బయటికి వచ్చి గాలి పీల్చండి.

ఇప్పుడు అందరూ తక్కువగా అంచనా వేసే సంగతి. పాఠం ఇంగ్లీషులోనే ఉండవచ్చు. పశువు యజమాని మాత్రం తన భాషలోనే మాట్లాడతాడు. కాలేజీ మొదటి ఏడాది నేర్పే స్థానిక భాష పాఠాల్లో దుకాణం, బస్సు, వాతావరణం ఉంటాయి. మూడో ఏడాది కొట్టంలోకి అడుగుపెట్టాక అవేవీ పనికిరావు. అక్కడ కావాల్సినవి ఇవి: మేత తింటోందా? నెమరు వేస్తోందా? పేడ ఎలా వేస్తోంది? ఎన్నో ఈత? ఈని ఎన్నాళ్లయింది? మాయ పడిందా? పాలు ఎప్పటినుంచి తగ్గాయి? మందులేమైనా వేశారా? ఈ ఎనిమిదీ, కుక్కకు సరిపడా మరో ఎనిమిదీ ఆ భాషలో కంఠతా పట్టండి. ప్రశ్న అడగడం తేలికే. కష్టమంతా జవాబుతో. తెలుగులో గాలికుంటు, జబ్బవాపు, పొదుగువాపు అన్నట్టే ఏ భాషలోనైనా రైతులు రోగాలకు పెట్టుకున్న పేర్లు వేరు, పుస్తకంలో పేర్లు వేరు. అందుకని చిన్న నోటుబుక్ జేబులో ఉంచుకుని రైతు నోట విన్న పేరు విన్నట్టే రాసుకోండి, దాని అర్థం సీనియర్‌ను అడగండి. వీటికంటే ముందు నేర్వాల్సినవి నాలుగు మాటలు: పట్టుకో, వదులు, ఆగు, తప్పుకో. గుర్రం కాలు విసరబోతుంటే ఎవరో అరిచిన మాట అర్థం కాకపోతే ఆ దెబ్బ మీకే తగులుతుంది.

ఆవును మలద్వారం గుండా పరీక్షించడం మాటల్లో చెప్పేస్తే రాదు, కానీ ఏం తప్పు జరుగుతుందో చెప్పవచ్చు. గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలి, ఉంగరం, గడియారం తీసేయాలి. భుజం దాకా వచ్చే గ్లవ్, దాని మీద ధారాళంగా జారుడు జెల్. ఐదు వేళ్లూ మొనలా కూడదీసి లోపలికి పోనివ్వాలి, పేడ తీసేయాలి. పేగు బిగుసుకున్నప్పుడు చెయ్యి నెట్టకూడదు, లాగకూడదు, వదులుగా ఉంచి ఆగాలి. ఆ అల దాటిపోతుంది. తొందరపడి నెడితే పేగు గోడ చిరుగుతుంది. ఒక్కోసారి లోపల గాలి నిండి పేగు డోలులా బిగుసుకుంటుంది, అప్పుడు ఏదీ అందదు. ఎదురుగా తగిలే ముడత వలయంలోకి వేళ్లు పెట్టి మెల్లగా వెనక్కి లాగితే గాలి బయటికి వచ్చేస్తుంది. ఇక కటి ఎముక అంచును గుర్తుగా పెట్టుకుని, దాని మీద గట్టి గొట్టంలా తగిలే గర్భాశయ ముఖాన్ని వెతకండి. అది దొరికితే ముందుకు గర్భసంచి, రెండు కొమ్ములు, వాటి చివర అండాశయాలు. చూడి దాదాపు 35 రోజులకు గర్భపు పొరలు వేళ్ల మధ్య జారడం తెలుస్తుంది, కానీ అది నేర్పు ఉన్నవాళ్లు చేయాలి. నలిపితే పిండం పోవచ్చు. రెండు నెలలకు పిండం చిట్టెలుకంత, మూడు నెలలకు ఎలుకంత, నాలుగు నెలలకు చిన్న పిల్లి అంత అని లెక్క.

గ్లవ్ మీద రక్తం కనబడితే ఆపి వెంటనే చెప్పండి. ఏమీ అందకపోతే 'అందలేదు' అనండి. అందిందని తలూపిన విద్యార్థి ఐదో ఏడాదికీ అక్కడే ఉంటాడు. గుర్రంలో ఇదే పరీక్షలో పేగు చిరిగితే తరచూ ప్రాణానికే ముప్పు, కాబట్టి పక్కన టీచరు లేకుండా మొదలుపెట్టకండి.

కుట్లకు ఇంటి దగ్గర సాధన తప్పదు. సిలికాన్ ప్యాడ్ దొరక్కపోతే అరటితొక్క మీద చేయవచ్చు, అది చిరిగిందంటే మీరు గట్టిగా లాగుతున్నారని అర్థం. సూదిని దారం వైపు నుంచి మూడో వంతు దగ్గర పట్టండి, మొన దగ్గర పడితే వంగుతుంది. ముడి ఒక వైపే బిగిస్తే అది జారుముడి అవుతుంది. రెండు దారాలకూ సమానంగా బలం పెట్టాలి. చర్మం అంచులు కలిసేదాకానే బిగించాలి. మర్నాడు వాపు వస్తుంది, ఇవాళ బిగుసుకున్న కుట్టు రేపు చర్మాన్ని కోస్తుంది.

ల్యాబులో పేడలో ఉండే పేగు పురుగుల గుడ్లు లెక్కపెట్టేందుకు 3 గ్రాముల పేడ, 42 మిల్లీలీటర్ల గాఢ ఉప్పునీరు కలిపి వడకట్టి మెక్‌మాస్టర్ అనే గళ్ల స్లైడు గదుల్లో పోస్తారు. రెండు గళ్లలోని గుడ్లను కలిపి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. గుడ్లు పైకి తేలడానికి ఐదు నిమిషాలు ఆగాలి, మరీ ఆలస్యమైతే ఉప్పు స్ఫటికాలు కట్టి ఏదీ కనబడదు.

బట్టల సంగతి చిన్నదే కానీ దానివల్ల రోగం మందల మధ్య పాకుతుంది. డిసెక్షన్‌కు ఒక కోటు, క్లినిక్‌కు ఒకటి, ఫారానికి ఓవరాల్, రబ్బరు బూట్లు, ఏవీ కలవకూడదు. బూట్ల మీద పేడ ఉండగా క్రిమిసంహారకం పోస్తే అది పేడతోనే చచ్చుబడిపోతుంది. ముందు బ్రష్‌తో కడిగి, తర్వాత మందులో ముంచి, చెప్పినంతసేపు ఉంచాలి. పంది ఫారాలు వేరే పందుల దగ్గరకు వెళ్లి వచ్చినవాళ్లను కొన్ని రోజులపాటు రానివ్వవు. వారం ప్లాన్ దానికి తగ్గట్టు వేసుకోండి.

మందుల్లో రెండింటి పట్ల ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. పశువులను ఎదకు తెచ్చేందుకు వాడే ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంటికి పడుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోనే కూడదు. టిల్మికోసిన్ అనే పశువుల యాంటీబయోటిక్ పొరపాటున మనిషికి ఎక్కితే గుండె ఆగవచ్చు, విరుగుడు లేదు. మొన తెరిచిన సిరంజి జేబులో పెట్టుకుని నడవడం, వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం మానుకోండి. గొర్రెలు ఈనే కాలంలో కొట్టాల్లో క్యూ జ్వరం, టాక్సోప్లాస్మా ఉండవచ్చు, ఇవి మనుషులకు సోకి గర్భానికి ముప్పు తెచ్చేవి, గర్భంతో ఉన్న విద్యార్థిని ఆ పని తప్పించమని నిస్సంకోచంగా అడగాలి. ఆ అడగడం తప్పు కాదు, దానికి మార్కులు తగ్గించడమే తప్పు.

కబేళా పోస్టింగ్ గురించి ముందుగా ఎవరూ సిద్ధం చేయరు. యూరప్ కాలేజీల్లో అది తప్పనిసరి, ఎందుకంటే మాంస తనిఖీ పశువైద్యుడి పనే. పశువు బతికి ఉండగానే చూడటం, తర్వాత తల, ఊపిరితిత్తులు, కాలేయం, వాటి లింఫ్ గ్రంథులు చూడటం, పెద్ద పశువుల్లో దవడ కండరం కోసి బద్దెపురుగు తిత్తుల కోసం వెతకడం. మొదటి రోజు వాసనకూ చప్పుడుకూ కాళ్లు వణికితే అది బలహీనత కాదు. పక్కకు వచ్చి కూర్చోండి, మళ్లీ వెళ్లండి. అంతకంటే బరువైంది కరుణామరణం. యజమాని ఏడుస్తుండగా మీరు సిర పట్టుకోవాలి. ఆ రోజు రాత్రి ఒంటరిగా గదిలో ఉండిపోకండి, తోటి విద్యార్థితో మాట్లాడండి. కొన్ని కాలేజీల్లో కౌన్సెలర్ ఉంటారు, మొదటి నెలలోనే ఆ గది ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

సెలవుల్లో చేయాల్సిన ప్రాక్టీసు వారాలకు లెక్క ఉంటుంది. బ్రిటన్‌లో చాలాకాలం అది మొత్తం 38 వారాలు, అందులో 12 పశుపోషణకు, 26 క్లినిక్‌కు. వేరే దేశంలో చేద్దామనుకుంటే ముందు కాలేజీ ఒప్పుకుంటుందా, బీమా అక్కడ వర్తిస్తుందా అడగండి. రోజూ సాయంత్రమే లాగ్‌బుక్ రాయండి: ఏ పశువు, ఏం చూశారు, ఏం చేశారు, ఎవరి పర్యవేక్షణలో. చివరి రోజు అందరూ కలిసి సంతకాలకు వెళ్తే డాక్టరు ఏదో కాన్పు కేసు మీద బయట ఉంటారు, కాబట్టి వారం వారం సంతకం పెట్టించుకోండి. పేజీ పేజీకీ ముద్ర, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఊరు వదిలి వచ్చేశాక ఆ నంబరు ఒక్కటి తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది.