టైప్ చేసి చెరిపేసిన సారీ

నిన్న రాత్రి మళ్లీ అదే. తప్పు నాది కాదని తెలిసి కూడా ఫోన్ తీసి "సారీ, ఇంకెప్పుడూ అలా అనను" అని టైప్ చేశాను, పంపబోతూ పాత మెసేజ్‌లు పైకి జరిపి చూస్తే పోయిన నెలలోనూ, అంతకు ముందూ అచ్చం అదే మాట, అన్నీ నా వైపు నుంచే. కడుపులో దేవినట్టయింది. ఒక్కో అక్షరం చెరిపేశాను.

ఇన్నాళ్లూ నేను సర్దుకుపోయింది ప్రేమతో కాదు, వదిలేసి పోతారేమోనన్న భయంతో. ఈ మాట నాకు నేను ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

వారం క్రితం నా స్నేహితురాలితో గట్టిగానే గొడవపడ్డాను. మర్నాడు తనే ఫోన్ చేసి "నువ్వన్నది నాకు నచ్చలేదు, కానీ ఎందుకలా అన్నావో చెప్పు, వింటాను" అంది. అరగంటలో తేలిపోయింది. గొడవ పడ్డా మనిషి ఎక్కడికీ పోదన్న ధీమా ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది, నిజంగా ఏడుపొచ్చింది.

ఈ పొద్దున లేచి, రాత్రి సారీ పంపబోయిన ఆ మనిషికి ఒకటే రాశాను: "అందరి ముందూ నన్ను తీసిపారేసినట్టు మాట్లాడితే ఇకపై అక్కడినుంచి లేచి వెళ్లిపోతాను." పంపేటప్పుడు చేతులు వణికాయి. ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా ఈ మెసేజ్ మాత్రం చెరపను.